ఖర్జూరాలకు పోయిన కాశీ

ఈ సంగతి కాగితం మీద పెట్టక తప్పదు. లేకపోతే మా అత్తగారి తరఫు పెళ్ళిళ్ళలో ఇది ఏటేటా పెరుగుతూనే ఉంటుంది. మొన్నటి పెళ్ళిలో చెప్పిన ప్రకారం నేను ఎండకు సొమ్మసిల్లి గొర్రెల మందలో పడ్డానట. పచ్చి అబద్ధం. అవి మేకలు. కనుక సత్యం కోసం రాస్తున్నాను. అదీ తెలుగులో రాస్తున్నాను. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది. ఒక్క సైకిలు చక్రంతో పెళ్ళినీ, పరువునీ, రెండు మోకాళ్ళనీ ఒకే రోజు పోగొట్టుకోబోయిన మగవాడి కథ ఇది.

మాది కోవిల్‌పట్టి. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. మా తెలుగు నోటికే గాని కంటికి రాదు, మాట్లాడతాం, చదవం. నేను మాత్రం గ్రంథాలయంలో ఒక మూల దుమ్ము కొట్టుకుపోయిన తెలుగు అర చూసి, వాచకం ముందు పెట్టుకొని అక్షరాలు నాకు నేనే నేర్చుకున్నాను. ఆ గర్వం ఇంతా అంతా కాదు. ఎప్పుడైనా తిరుపతి బస్సు కనబడితే దాని బోర్డు వీధంతా వినబడేలా చదివేవాణ్ణి.

ఆ రోజుల్లో నాకు పట్టిన పిచ్చి, సైకిలు మీద దేశాలు తిరిగినవాళ్ళ చరిత్ర. మనిషెత్తు ముందు చక్రం మీద కూర్చొని భూమిని చుట్టినవాళ్ళు, బొంబాయిలో బయల్దేరి ఎడారులు దాటినవాళ్ళు, అందరినీ చదివాను. చదివి గ్రహించింది ఒక్కటే: నిజంగా పోయినవాడు ఊరూరా ముద్రలో సంతకాలో వేయించుకుంటాడు. వేయించుకోనివాడు సైకిలును రైలెక్కించినవాడు. అప్పట్నుంచి ఎవరు ఎక్కడికి పోయొచ్చామన్నా నాకు అనుమానమే. మా నాయన తిరుచెందూరు గుడికి పోయొచ్చి విభూతి పెడితే వాసన చూసి గాని పెట్టుకొనేవాణ్ణి కాదు.

ఇలాంటివాణ్ణి మా జయరామ మామ విరుదునగర్‌లో ఒక నేతగాళ్ళ ఇంటికి పెళ్ళిచూపులకు తీసుకుపోయాడు. అమ్మాయి పేరు అలమేలు. కేసరి తెచ్చింది, ఒకసారి చూసింది, నాకు కేసరిలో ఉప్పు వేసినా తెలియని స్థితి వచ్చింది. అంతా బాగానే ఉండేది, గోడ వార పూలదండతో ఒక పాత సైకిలు లేకుంటే.

"అది నేను కాశీకి పొయ్యొచ్చిన సైకిలు తంబీ," అన్నాడు అలమేలు తాత వెంకటసామి.

నాలో ఉన్న గ్రంథాలయం తలుపు దభాలున తెరుచుకుంది.

"కాశీకా? ఏ దోవన పోయినారు తాతా?"

"మదురై, తిరుచి, మదరాసు... అట్లే మీదికి."

"మీదికి అంటే?"

"మీదికంటే మీదికే. కాశీ కిందనా ఉండాది?"

"మరి ఈ ముందు చక్రం కొత్తగా ఉందే?"

మామ నా తొడ గిల్లాడు. "ఒరే గురుసామీ, పిల్లను చూడ్డానికి వచ్చినామా, సైకిలును చూడ్డానికా?"

"ఊరికే అడిగినాను మామా. కొందరు రైల్లో పోయి కూడా..."

మూలన కూర్చొని రాట్నం మీద నూలు చుడుతున్న రంగమ్మాళ్ అవ్వ చేయి ఆగింది. చక్రం కిర్రుమంది. తాత మాట మార్చబోయాడు. "తంబి బాగా చదివినోడంట కద?"

"తెలుగు కూడా చదువుతాను తాతా! అచ్చు అక్షరాలు, చేతిరాత, ఏదైనా!"

తాత ముఖం మజ్జిగలో వేసిన ముక్కలా తెల్లబడింది. అది చూసి నా అనుమానం మూడింతలైంది. దొంగ దొరికాడనుకున్నాను. దొరికింది ఎవరో మీరే చూస్తారు.

సైకిలును తీరిగ్గా పరీక్షించాలంటే ఇంకోసారి పోవాలి, పోవడానికి వంక కావాలి. అవ్వ రాట్నానికి ఉన్నది తుప్పు పట్టిన సైకిలు చక్రం. నేతగాళ్ళ ఇళ్ళలో ఇది మామూలే. సైకిలు చచ్చినా చక్రం నూలు చుడుతూ బతికే ఉంటుంది. కొత్త చక్రం ఒకటి చేయించుకొని మరుసటి వారం దిగాను. అవ్వ కొళాయి దగ్గర ఉంది. తాత ఒక్కడే ఉన్నాడు.

"ఈ పాతది ఏం చేద్దాం తాతా? చెవులు కోస్తోంది."

సరిగ్గా అప్పుడే వీధిలో "పాత ఇనుముకు పేరీచ్చంపళం!" అని కేక. మా సీమలో పాత ఇనుముకు ఖర్జూరాలు తూచి ఇస్తారు.

"వేసెయ్యి తంబీ, వేసెయ్యి. బిరాన!" అన్నాడు తాత. ఇంత పెద్దమనిషి ఇంత తొందర పడతాడా అని అప్పుడైనా అనుమానించాలి కదా! లేదు. లోకంలో అన్నిటినీ అనుమానించి, అనుమానించవలసినదాన్ని వదిలేసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఖర్జూరాలవాడు మా ఊరివాడే గనక ఒక గుప్పెడు ఎక్కువే పెట్టాడు.

అవ్వ బిందెతో వచ్చింది. నేను ఖర్జూరాలు చాపాను. ఒకటి నోట్లో వేసుకుంది. "ఏంది ఇది?"

"మీ పాత చక్రం అవ్వా! మా ఊరి ఖర్జూరాలవాడికి వేసినాను!" అన్నాను ముసిముసిగా నవ్వుతూ.

బిందె జారింది. "ఏ చక్రమురా? కాశీకి పొయ్యొచ్చిన చక్రమా?"

అప్పుడు తెలిసింది, అవ్వ రాట్నానికి ఉన్నది ఆ కాశీ సైకిలు ముందు చక్రమేనని. గిన్నెల మీద పేర్లు కొట్టిస్తారు చూడండి, అలాగే తాత ఏ ఊళ్ళో ఆగితే ఆ ఊరి గిన్నెల కొట్టులో ఆ ఊరి పేరు చక్రానికి కొట్టించాడట. మదరాసు వరకు అరవంలో, ఆ పైన తెలుగులో. నేను వారం పొడుగునా వెతుకుతున్న సాక్ష్యం! దాన్నే చేతులారా ఖర్జూరాలు చేసి, సాక్షికే తినిపించాను.

"పోతే పోనీలే రంగమ్మా. తుప్పు ముక్క," అన్నాడు తాత.

"నువ్వు నోరు ముయ్యి!" అని అవ్వ నా వైపు తిరిగింది. "మా ఆయన రైల్లో పోయినాడంటివి కద? ఇదిగో అదే సైకిలు. కోవిల్‌పట్టికి తొక్కుకోని పో. చక్రం తే. సాత్తూరులో ఎవరిదన్నా ముద్ర వేయించుకోని రా, నాకూ అనుమానమే! చక్రం వస్తేనే పిల్ల."

తలుపు వెనక నుంచి అలమేలు నవ్వు వినబడింది. ఆ నవ్వు బలంతోనే ఎక్కాను.

దాదాపు యాభై కిలోమీటర్లు. ఎడారులు దాటినవాళ్ళు రాసిన పుస్తకాల్లో సీటు గురించి ఒక్క ముక్క ఎందుకు రాయలేదో నాకు ఇప్పటికీ అనుమానమే. మేకల సంగతి చెప్పాను కదా. సాత్తూరులో కారాసేవు కొట్టాయన్ని ముద్ర అడిగితే పైనుంచి కిందికి చూశాడు. "సేవు కొనకుండా ముద్ర దేనికయ్యా? ఏ కేసులో సాక్ష్యానికి?" అర కిలో కొన్నాక పొట్లం మీద గుద్దాడు.

కోవిల్‌పట్టిలో ఆ ఖర్జూరాలవాడి పాత ఇనుము కొట్లో ఇంకో అనుమానం. "తుప్పు చక్రం కోసం ఇంత దూరం తొక్కుకుంటూ వచ్చినావా? లోపల బంగారం ఉండాదా?" చివరికి ముద్ర ఉన్న కాగితం మాత్రం నాకు వదిలి, అర కిలో కారాసేవు, నా చేతి గడియారం తీసుకొని చక్రం ఇచ్చాడు.

పంచె చెంగుతో తుప్పు తుడిచాను. మదురై, తిరుచి, మదరాసు. ఆ పైన చుక్కలతో కొట్టిన తెలుగు అక్షరాలు. తాత ఇంట్లోవాళ్ళకు చెప్పిన ప్రకారం అవి నాలుగు: బెజవాడ, నాగపూరు, జబల్‌పూరు, కాశి. నేను చదివాను. మళ్ళీ చదివాను. సూళ్ళూరుపేట. నాయుడుపేట. గూడూరు. నెల్లూరు.

అంతే. నెల్లూరు తర్వాత రిమ్ము నున్నగా ఉంది.

నేను గెలిచాను! గెలిచినవాడి మొహం ఇంత వాడిపోయి ఉండటం చరిత్రలో అదే మొదలు. మర్నాడు సైకిలును బస్సు పైకెక్కించి (తిరుగు ప్రయాణం గురించి అవ్వ ఏమీ చెప్పలేదు) విరుదునగర్ చేరాను. తాత వీధి మలుపులోనే కాచుకొని ఉన్నాడు.

"చదివినావా?"

"చదివినాను తాతా."

ఆయన చక్రం నిమిరాడు. "నెల్లూరులో దిగితే, కొట్లో మన బాస, రోడ్లో మన బాస, పోలీసు తిట్టేది కూడా మన బాసలోనే. మన ఇంట్లో మాట ఊరంతా మాట్లాడతా ఉండాది తంబీ! నా మాట విని నవ్విరి, నవ్వి బువ్వ పెట్టిరి. రెండు నెల్లు ఆడనే ఉంటిని. ఇంక కాశీ ఎందుకు చెప్పు?"

చక్రం భుజాన వేసుకొని ఆయన వెనకే ఇంటికి నడిచాను.

లోపల అవ్వ సాత్తూరు ముద్ర చూసి, చక్రం అందుకొని చివరి పేరు మీద వేలు పెట్టింది. "నీకు చదవను వచ్చు కద. ఇది ఏ ఊరు?"

ఇల్లంతా నా నోటి వంక చూసింది. అలమేలు కూడా.

"కాశీ అవ్వా," అన్నాను. "స్పష్టంగా ఉంది."

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అంటారు. నెల్లూరులో ఆగినవాడు మాత్రం ఇంటికొచ్చి మనవరాలి పెళ్ళి చూశాడు.

ఈ కథకు సాయపడినవాళ్ళకు కృతజ్ఞతలు: తొడ గిల్లిన జయరామ మామకు, ముద్ర గుద్దిన సాత్తూరు సేవు కొట్టాయనకు, నన్ను నమ్మని రంగమ్మాళ్ అవ్వకు, నన్ను నమ్మిన వెంకటసామి తాతకు. ఇకపై ఇనుముకు ఖర్జూరం తీసుకోననీ, గ్రంథాలయం బయట ఉన్న ఏ అక్షరాన్నీ చదవననీ ఆ చక్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అన్నిటికంటే ఎక్కువ కృతజ్ఞత నా భార్య అలమేలుకు. నిన్ననే వచ్చి, "మీ తెలుగు అక్షరాలు నాకూ నేర్పకూడదా?" అని అడిగింది.

వాచకం దొరకడం లేదని చెప్పాను.