అక్కయ్య దిద్దిన వాక్యం

వీధి మొత్తానికీ అతను రచయితగారు. ఒక్క అక్కకు మాత్రం ఒరేయ్. పుస్తకం అంటూ ఒక్కటీ అచ్చు కాలేదు గానీ, ఊళ్ళో శనివారం శనివారం వచ్చే పత్రికలో మూడో పేజీ కింది సగం అతనిదే. ‘మా వీధి’ అని శీర్షిక. దాని పక్కన చెంపకు చెయ్యి ఆనించుకుని ఎటో చూస్తున్న ఫోటో. ఆ చెయ్యి కుదరక స్టూడియోకు మూడుసార్లు తిరిగాడని, మూడోసారి ఫోటోగ్రాఫరే విసుగెత్తి చెయ్యి పట్టుకుని చెంపకు నొక్కాడని అక్క ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేది.

తమ్ముడికి నీటి సరఫరా కార్యాలయంలో ఉద్యోగం. ఫిర్యాదులు రాసుకునే బల్ల దగ్గర కూర్చునేవాడు. కుళాయి రావడం లేదని వచ్చినవాళ్ళకు కుళాయి సంగతి తప్ప లోకంలోని సంగతులన్నీ చెప్పి పంపేవాడు. మరదలు ఆసుపత్రిలో నర్సు. ఆమెకు మాట్లాడే తీరిక లేదు, ఉన్నా మాట్లాడే అలవాటు లేదు. అక్క మేడమీద గదిలో ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, చేసుకున్నవాళ్ళను చూశాక ఆ ఓపిక పోయిందనేది.

అక్క ముప్పై రెండేళ్ళు ఒక ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దింది. పాఠ్యపుస్తకాలు, ఎన్నికల కరపత్రాలు, మందుల సీసాలకు అంటించే చీటీలు, ఏది వచ్చినా ఆమె కళ్ళ కింద నుంచే పోవాలి. వత్తు జారినా, దీర్ఘం తగ్గినా పంటికింద రాయిలా తగిలేది. తమ్ముడి రాతల్లో అలాంటి రాళ్ళు గుప్పెళ్ళకొద్దీ ఉండేవి. రిటైరయ్యాక వాటిని ఏరే పని ఆమె నెత్తిన పడింది. తమ్ముడు రాసింది దిద్ది, మంచి కాగితం మీద తిరగరాసి, గురువారం గురువారం పత్రికాఫీసులో ఇచ్చి వచ్చేది.

తమ్ముడికి అభిరుచులు ఎక్కువ. ఒక్కోదానికి ఆయుష్షు నాలుగు వారాలు, అంటే నాలుగు వ్యాసాలు. మొదట ఇంకు పెన్నుల పిచ్చి పట్టింది. పదకొండు పెన్నులు పోగేశాడు. ఒక్కదాన్నీ కడిగిన పాపాన పోలేదు. అన్నిట్లోనూ సిరా గడ్డకట్టాక, కలంతో తన ప్రణయం గురించిన వ్యాసాన్ని బాల్‌పెన్నుతో రాశాడు. ఆ తరవాత పక్షులు. బైనాక్యులర్ మెడలో వేసుకుని డాబా మీద నిలబడితే, ఎదురింటి టీచరమ్మ రెండు రోజులు చూసి మూడో రోజు కిటికీకి దుప్పటి కట్టింది. కాకి, పావురం తప్ప మూడో పక్షి పేరు అతనికి తెలియదు. ఆ మూడోదాన్ని ‘పేరులేని అతిథి’ అని పేరా మొత్తం నడిపించేశాడు. తరవాత రొట్టెలు. మరదలు డ్యూటీ దిగి వచ్చేసరికి వంటింట్లో పిండి పడని చోటు లేదు. ఆమె ఆ రొట్టెను ఇటూ అటూ తిప్పి చూసి, “వదినా, దీనికి కట్టు కట్టాలా, ఆపరేషన్ చెయ్యాలా?” అని మాత్రం అడిగింది.

వ్యాసాల్లో మాత్రం ఆ పెన్నులు వెన్నలా జారేవి. ఆ రొట్టెలు దూదిలా పొంగేవి. అక్క చదివేది, మూతి విరిచేది, ఎర్ర పెన్ను తీసి వత్తులు సరిచేసేది. అబద్ధాల జోలికి వెళ్ళేది కాదు. అక్షరం తప్పయితే దిద్దాలి, సంగతి తప్పయితే అది రాసినవాడి ఖర్మ. ఉద్యోగంలో చేరిన రోజు ఆమెకు నేర్పిన పద్ధతి అదే.

వీధి మొదట్లో, ఇస్త్రీ బండికీ మందుల షాపుకీ మధ్య, ఒక మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత దుకాణం ఉంది. అందులో గడియారాలు బాగుచేసే ఆయన కూర్చునేవాడు. అందరికీ గడియారాలాయన. అరవై దాటాయి. నోట్లో నాలుక లేని మనిషి. పని లేనప్పుడు అద్దాల బల్ల మీద చదరంగం పరుచుకుని తనతో తనే ఆడుకునేవాడు. అది తమ్ముడి కంట పడింది. ఇంకేముంది, అప్పటిదాకా రొట్టెలు కాల్చిన చేతులు ఏనుగులను, గుర్రాలను పట్టుకున్నాయి.

నాలుగు వారాలపాటు ఆఫీసు నుంచి వస్తూ రోజూ అక్కడ ఆగేవాడు. గుర్రం ఎటు దూకుతుందో ఆయన ఓపిగ్గా చెప్పేవాడు. ఇతను వినడం మానేసి చదరంగానికీ జీవితానికీ పోలికలు చెప్పేవాడు. ఇరవై ఆటలాడి ఇరవై ఓడాడు. ఒకసారైతే తన మంత్రిని తనే తీసుకెళ్ళి అవతలి బంటు నోటికి అందించి వచ్చాడని, ఇస్త్రీ బండి ఆయన అక్కతో చెప్పి కడుపుబ్బా నవ్వాడు.

నాలుగో వారం వ్యాసం అక్క చేతికి వచ్చింది. గడియారాలాయన తన చేతిలో ఓడిపోయి పసిపిల్లాడిలా నవ్వాడని అందులో ఉంది. ఆ కిందే ఇంకో ముక్క ఉంది. ‘అప్పుడు గమనించాను. కాలాన్ని బాగుచేసే ఆ చేతులే కాలానికి లొంగి వనుకుతున్నాయి. ఆ కళ్ళు మసకబారాయి. ఇంకెన్నాళ్ళో ఈ దుకాణం.’

వీడి కవిత్వం తగలెయ్య అనుకుంది అక్క. అంతకు నెల ముందే ఆయన ఆమె చేతిగడియారం ఆమె ఎదుటే విప్పాడు. కంటికి భూతద్దం బిగించుకుని, నువ్వుగింజలో సగం ఉన్న స్క్రూను సన్నటి పట్టకారుతో తీసి, తుడిచి, మళ్ళీ దాని చోట దాన్ని కూర్చోబెట్టాడు. ఆ చేతులు వణకవని ఆమెకు తెలుసు. ఎర్ర పెన్ను తీసి ‘వనుకుతున్నాయి’లో న కొట్టేసి ణ పెట్టింది. వాక్యం మాత్రం బాగా కుదిరిందని కూడా అనుకుంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

ఆ వాక్యం వీధిలో అందరి నోటా నానింది. రిటైరైన హెడ్మాస్టరు దాన్ని బట్టీపట్టి, పాలప్యాకెట్ కొనడానికి వెళ్ళిన చోట కూడా అప్పజెప్పాడు. తమ్ముడికి నేల మీద కాళ్ళు ఆనలేదు.

నెలన్నర తరవాత అక్క గోడగడియారం ఆగింది. సంచిలో పెట్టుకుని దుకాణానికి వెళ్ళింది. ఎప్పుడూ చీటీలు కట్టిన వాచీలతో నిండి ఉండే కొక్కేలు ఖాళీగా ఉన్నాయి. గడియారాలాయన ఆమెను ఎప్పుడూ చెల్లమ్మా అని పిలిచేవాడు. ఆ రోజు “రండి మేడం” అన్నాడు.

బ్యాటరీ ఒక్కటే మార్చాలా, లోపల కూడా చూడనిస్తారా అని అడిగాడు. ఆ ‘చూడనిస్తారా’ ఆమెకు అర్థం కాలేదు. ఏమైందని అడగ్గా అడగ్గా చెప్పాడు. ఆ శనివారం నుంచి జనం వచ్చి ఒంట్లో ఎలా ఉందని పరామర్శించి, వాచీ మాత్రం బస్టాండు దగ్గర షాపుకు పట్టుకెళ్తున్నారు. బ్యాంకులో పనిచేసే ఆయన తన తండ్రి నాటి కీ ఇచ్చే గడియారం ఇచ్చి ఉన్నాడు. అది విప్పి సగంలో ఉండగా వచ్చి, మీకెందుకండీ ఈ వయసులో శ్రమ అంటూ, చక్రాలన్నీ కవరులో పోయించుకుని తీసుకుపోయాడు. కూతురు భయపడి కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. కళ్ళకు ఏమీ లేదన్నాడు డాక్టరు. ఆ మాట ఏ పత్రికలోనూ పడలేదు.

“వాడికి ఒళ్ళు తెలీదు అన్నయ్యగారూ. వాడి రాతలు ఎవరు పట్టించుకుంటారు?” అంది అక్క.

“మీ తమ్ముడి మీద నాకు కోపం లేదు మేడం. ఆయనకి తోచింది ఆయన రాసుకుంటాడు,” అన్నాడాయన, గడియారం వెనక మూత తీస్తూ. “కానీ అది మీరు చదివాకే అచ్చుకెళ్తుందట కదా. మా అక్క చూడందే ఒక్క ముక్క బయటికి పోదని ఆయనే చెప్పేవాడు. మీ వాచీ నేను మీ ముందే విప్పాను.”

అక్క తమ్ముణ్ణి ఇన్నాళ్ళూ ఎంత ఎద్దేవా చేసిందో అంతా ఒక్కసారిగా ఆమె మొహానే వచ్చి పడ్డట్టయింది. ఆ అబద్ధాన్ని వేలెత్తి చూపడానికి వీల్లేకుండా చేసింది తనే. దానికి ణ పెట్టి, చక్కగా తిరగరాసి, రెండు వీధులు నడిచి వెళ్ళి మరీ ఇచ్చి వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి తమ్ముడు పెరట్లో రాళ్ళు కడుగుతున్నాడు. అప్పటికి చదరంగం పోయి గులకరాళ్ళు వచ్చాయి. పాత టూత్‌బ్రష్షుతో ఒక్కో రాయినీ పసిబిడ్డకు పళ్ళు తోమినట్టు తోముతున్నాడు. అక్క జరిగింది చెప్పింది. అతను బ్రష్షు ఆపకుండానే విన్నాడు.

“అది సాహిత్యం అక్కా. వణకడమంటే నిజంగా వణకడం కాదు. అదొక సంకేతం.”

“బ్యాంకాయన వాచీ కవర్లో పోయించుకుని పోయాడు. అదీ సంకేతమేనా?”

జనానికి చదవడం రాదని, రచయితను నిందించి లాభం లేదని అతను చాలాసేపు వాపోయాడు. చివరికి మరదలు గుమ్మంలోకి వచ్చి, తను ఒకరి మందు ఇంకొకరికిచ్చి సంకేతం అంటే ఎవరైనా ఊరుకుంటారా అని అడిగి లోపలికి పోయింది. దాంతో తమ్ముడు దిగొచ్చి, సరే, సవరణ రాస్తానన్నాడు.

సవరణ మూడు పేజీలు వచ్చింది. ‘ఎక్కువగా ప్రేమించిన నేరం’ అని పేరు. అందులో అతని కన్నీళ్ళు రెండు చోట్ల కారాయి. అతని సున్నితమైన మనసు నాలుగు చోట్ల గాయపడింది. గడియారాలాయన చేతులు మాత్రం ఇంకా వణుకుతూనే ఉన్నాయి, కాకపోతే ఈసారి ప్రేమతో. అచ్చుతప్పులు పదిహేడు.

అక్క ఎర్ర పెన్ను తీసి, ఒక్కటి కూడా దిద్దకుండా మూత పెట్టేసింది. ఆ మూడు పేజీలూ పరుపు కింద దోపి, తెల్లకాగితం తీసుకుని నాలుగు వాక్యాలు రాసింది. ‘గడియారాలాయన చేతులు వణుకుతున్నాయని నేను రాసింది అబద్ధం. ఆయన కళ్ళు నా కళ్ళకంటే బాగా పనిచేస్తున్నాయి. చదరంగంలో ఆయన మీద నేను ఒక్కసారి కూడా గెలవలేదు. వాక్యం బాగుంటుందని అలా రాశాను.’

ఎప్పుడూ ఆమె తిరగరాసిన కాగితమే కాబట్టి పత్రికాఫీసులో ఎవరికీ అనుమానం రాలేదు. ఈ వారం ఇంతేనా అని మాత్రం సంపాదకుడు అడిగాడు. ఇంతే అంది. మిగిలిన జాగాలో ఆయన ప్రెషర్ కుక్కర్ ప్రకటన వేసుకున్నాడు.

శనివారం పొద్దున పత్రిక చూసి తమ్ముడు మేడమెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

“నా పేరు మీద నువ్వెలా రాస్తావు? ముప్పై రెండేళ్ళలో ఎవరి రాతనైనా ఇలా మార్చావా?”

“లేదురా,” అంది అక్క. “మార్చాల్సినవి చాలానే ఉన్నాయి. మార్చలేదు.”

పత్రికాఫీసుకు వెళ్ళి అసలు సంగతి చెప్పేస్తానని అతను చొక్కా వేసుకుంటుండగా ఫోను మోగింది. హెడ్మాస్టరు. తన తప్పు తాను ఒప్పుకోగలిగిన రచయితను ఈ జన్మలో చూస్తాననుకోలేదట. ఆ ఫోను పెట్టగానే ఇంకొకటి. మధ్యాహ్నానికి సంపాదకుడే ఫోన్ చేసి, ఇన్నేళ్ళలో మీరు రాసినవాటిలో ఇదే గొప్పదన్నాడు. తమ్ముడు చొక్కా విప్పేసి కుర్చీలో కూలబడ్డాడు. “ఏదో, మనసులో ఉన్నది రాసేశానండీ,” అంటున్నాడు ఫోనులో. సాయంత్రానికల్లా మందుల షాపు ఆయనకు ఆ నాలుగు వాక్యాలూ రాయడానికి తను పడ్డ యాతన వివరించాడు. నెల తిరిగేసరికి తనే రాశానని నమ్మేశాడు కూడా.

ఆ తరవాత అతనికి నిజం పిచ్చి పట్టింది. నాలుగు వారాలు నిజాలే రాశాడు, అన్నీ ఇతరులవి. హెడ్మాస్టరు జుట్టుకు రంగేస్తాడన్నది రెండో వారంలో వచ్చింది. ఆయన ఫోన్లు ఆగిపోయాయి. అక్క దిద్దడం మానేసింది. నీ వత్తులు నువ్వే చూసుకో అని చెప్పేసింది. అప్పటి నుంచి ‘మా వీధి’ తప్పులతోనే అచ్చవుతోంది. పాఠకుల్లో ఒక్కడంటే ఒక్కడికి కూడా తేడా తెలియలేదు. ముప్పై రెండేళ్ళు కళ్ళు పోగొట్టుకున్నది ఈ జనం కోసమా అని ఆమెకు ఒళ్ళు మండింది.

తమ్ముడికి ఆ నిజాల పిచ్చి వదిలిన రెండు వారాలకు అక్క మళ్ళీ దుకాణానికి వెళ్ళింది. ఆ నాలుగు వాక్యాలనూ గడియారాలాయన కూతురు కత్తిరించి అద్దానికి అంటించింది. కొక్కేలకు నాలుగైదు వాచీలు వేలాడుతున్నాయి. బ్యాంకాయన మాత్రం తిరిగి రాలేదు.

“ఇదివరకు వాచీ ఇచ్చి వాళ్ళ దారిన వాళ్ళు పోయేవాళ్ళు,” అన్నాడాయన. “ఇప్పుడు ముందు ఇది చదువుతున్నారు. చదివి నా చేతుల వంక చూస్తున్నారు. వణకవు అని అక్కడ రాసున్నా, చూసి గానీ ఇవ్వడం లేదు.”

“తీసెయ్యమని చెప్పనా?”

“వద్దు మేడం. మా అమ్మాయి బాధపడుతుంది.”

అక్క ఆ సంగతి ఇంట్లో అన్నం వడ్డించుకుంటూ చెప్పింది. మర్నాడు మరదలు ఆసుపత్రిలో ఎవరెవరితో ఏం మాట్లాడిందో గానీ, వారం తిరక్కుండా వార్డుల్లో ఏళ్ళ తరబడి ఆగిపోయి ఉన్న గోడగడియారాలు ఇరవై మూడింటిని ఆటోలో వేయించుకుని గడియారాలాయన దగ్గర దింపింది. అవి దుకాణంలో పట్టక ఇస్త్రీ బండి కింద కూడా సర్దారు. ఇవన్నీ ఎక్కడివని అడిగినవాళ్ళకు ఆయన ఆసుపత్రివని చెప్పేవాడు. ఆసుపత్రి వాళ్ళే ఇచ్చారంటే ఇక చేతులకేసి చూసేదేముందని కొందరు మణికట్టు మీది వాచీ విప్పి అక్కడికక్కడే ఇచ్చేశారు.

ఇరవై మూడు గడియారాల సంగతి తమ్ముడి చెవిన పడింది. అతని కళ్ళు మెరిశాయి. ‘ఆగిన కాలానికి ఆసుపత్రి’ అని పేరు కూడా అప్పుడే తట్టిందట. కాగితం తీశాడు. డ్యూటీకి బయల్దేరుతూ జడ ముడేసుకుంటున్న మరదలు వెనక్కి తిరక్కుండానే, అందులో ఒక్క ముక్క అచ్చయినా రేపటి నుంచి ఆయన వంట ఆయనే చేసుకోవాలని చెప్పింది. గొంతు కూడా పెంచలేదు. తమ్ముడు కాగితం తీసి సొరుగులో పెట్టేశాడు.

ఆ వారం నడక వల్ల కలిగే లాభాల గురించి రాశాడు. తను రోజుకు ఐదు మైళ్ళు నడుస్తానని అందులో ఉంది. అక్క దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి, పత్రికను నాలుగు మడతలు పెట్టి, దాని మీద వంకాయలు తరుక్కుంది.