చిలుకలు తిరిగొచ్చిన అంచు

2023 వానాకాలం. గద్వాలలో నేను కంప్యూటర్ రిపేరు దుకాణం పెట్టి అప్పటికి పదకొండేళ్లు. ఒక పొద్దున షట్టర్ ఎత్తడానికి వెళ్లేసరికి లక్ష్మన్న, ఆయన భార్య సరోజక్క మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఇద్దరి మధ్యా పాత తువ్వాలలో చుట్టిన సీపీయూ.

లక్ష్మన్న చీరల అంచులకు డిజైన్లు గీస్తాడు. ఆయన ఇంట్లో కంప్యూటర్ మీద గళ్లు గళ్లుగా గీసిన దాన్ని బట్టే అట్టలకు రంధ్రాలు కొట్టి మగ్గానికి ఎక్కిస్తారు. వాళ్ల నాయన గ్రాఫు కాగితాల మీద గీసినవి కూడా చెదలు పట్టకముందే ఒక్కొక్కటిగా కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాడు.

"చెల్లె, ఫోన్ల జాగ లేదని బొమ్మలు తీసేసిన. కంప్యూటర్ల డిజైన్లు గూడ పోయినయ్. గిట్లెట్లయితది?" అంది సరోజక్క. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

వాళ్లు వాడుతున్నది సింక్. అంటే ఫోన్‌నూ కంప్యూటర్‌నూ ఒకేలా ఉంచే ఏర్పాటు. ఒకచోట చెరిపితే రెండోచోటా చెరిగిపోతుంది. చాలామంది దాన్నే బ్యాకప్ అనుకుంటారు. అదృష్టం కొద్దీ చెరిపినవి కొన్ని వారాలు ఆన్‌లైన్ చెత్తబుట్టలో ఉంటాయి కాబట్టి మధ్యాహ్నానికల్లా అన్నీ వెనక్కి తీశాను. లక్ష్మన్న నాలుగు చాయలు తెప్పించాడు. ఉన్నది ముగ్గురమే. నాలుగోది కూడా ఆయనే తాగాడు.

"ఇప్పుడు అసలైన బ్యాకప్ పెట్టుకుందాం అన్నా," అన్నాను.

"ఇంటర్నెట్ల పెడితే ఏ మరమగ్గమోడో నా అంచు నేసుకుంటడు. నాకొద్దు."

అందుకు ఎన్‌క్రిప్షన్ ఉందని చెప్పాను. ఫైలు ఇల్లు దాటకముందే తాళం పడుతుంది, ఆ తాళం తీసే పాస్‌వర్డ్ మన దగ్గరే ఉంటుంది, కంపెనీవాళ్లు కూడా తెరవలేరు. కానీ అది మరిచిపోతే మనమూ తెరవలేం.

"పాస్‌వర్డ్ నా తాన ఉంటది. ఈయనకిస్తే కండ్లద్దాల లెక్కనే యాడనో పెట్టి ఇల్లంత దేవులాడతడు," అంది సరోజక్క.

మూడు బ్యాకప్ సర్వీసులు ట్రయల్ కింద పెట్టి చూశాం. అప్పటిదాకా ఎవరడిగినా నేను ఏ సర్వీసు ఎంత జాగా ఇస్తుంది, ధర ఎంత అన్నవే చూసి చెప్పేదాన్ని. ఆ చెరిపిన గొడవ తర్వాత మాత్రం సరోజక్కకు ఒక పరీక్ష పెట్టాలనిపించింది. ఒక డిజైన్‌ను పెన్‌డ్రైవ్‌లో భద్రంగా దాచి, కంప్యూటర్లో చెరిపేసి, "నేను ముట్టుకోను. నువ్వే వెనక్కి తేవాలక్కా," అన్నాను. ఇలా వెనక్కి తెచ్చుకోవడాన్నే రిస్టోర్ అంటాం.

మొదటిదాంట్లో ఆమెకు దారే దొరకలేదు. రెండోది ఏడు నిమిషాల్లో తెచ్చింది, కానీ మార్చిన ఫైలు పాత రూపాలను ముప్పై రోజులే ఉంచుతుంది. మూడోదానికి పది నిమిషాలు పట్టింది, అది పాత రూపాలను ఏడాదిపాటు దాస్తుంది.

"ముప్పై దినాలు సాలదా?" అన్నాడు లక్ష్మన్న.

"తప్పు చేసిన అని నువ్వు ఒప్పుకునేతందుకే రెండు నెలలు పడతది. ఏడాదిది పెట్టు చెల్లె," అంది సరోజక్క.

నవ్వు ఆపుకుంటూ ఏడాదిదే పెట్టాను. మొత్తం ఎక్కడానికి తొమ్మిది రోజులు పట్టింది. లక్ష్మన్న రోజూ దుకాణం ముందు బండి ఆపి, దిగకుండానే "ఇయ్యాల అరవై రెండు శాతం!" అని అరిచి పోయేవాడు.

మాఘమాసం పెళ్లిళ్ల ముందు ఆయన ఫోన్ చేశాడు. "చెల్లె, జర జల్ది రా."

వడ్డేపల్లి నుంచి మాణెమ్మ అనే పెద్దావిడ మనవరాలిని వెంటబెట్టుకొని వాళ్లింటికి వచ్చింది. మాణెమ్మ పెళ్లిచీర అంచు లక్ష్మన్న నాయన గీసిందే. ఆ చీర ఏనాడో చినిగిపోయింది. మనవరాలి పెళ్లికి అదే అంచు కావాలంది. లక్ష్మన్న గర్వంగా తెరమీద చూపిస్తే తల అడ్డంగా ఊపింది. "గిది కాదు నాయినా. కొమ్మకూ కొమ్మకూ నడుమ చిలుక ఉండె."

నిజమే. నేతకు ఆలస్యమవుతోందని దసరా తర్వాత చిలుకలు తీసేసి, లక్ష్మన్న అదే పేరుతో సేవ్ చేశాడు. నాయన కాగితం చెదలకు పోయింది. చిలుకలున్న రూపం ఇంట్లో ఇంకెక్కడా లేదు.

నేను స్కూటీ ఆపి లోపలికి వెళ్లేసరికి మౌస్ సరోజక్క చేతిలో ఉంది. నావైపు తిరగనైనా లేదు. "దసరాకు ముందు తారీకు పెడుతున్న," అంటూ నొక్కింది. తెరమీద గీత నెమ్మదిగా కదిలింది. ఫైలు తెరుచుకుంది. అంచు పొడుగునా చిలుకలు.

మాణెమ్మ లేచి వచ్చి తెరను వేలితో తాకింది. "గిదే! మీ నాయిన గీసిన చిలుక. ముక్కు జర వంకరుంటది, సూడు."

లక్ష్మన్న కుర్చీలో వెనక్కి వాలి పగలబడి నవ్వాడు. కళ్లు తుడుచుకున్నాడు, మళ్లీ నవ్వాడు. "ఎక్కించేటప్పుడు నేనే తప్పు కొట్టిన అనుకున్న. ఇన్నేండ్లు దాన్ని సూసి సిగ్గుపడ్డ!" వంకర ముక్కు వంకరగానే నేయించాడు. వడ్డేపల్లి పెళ్లికి నన్నూ పిలిచారు. పెళ్లికూతురికంటే ముందు నేను అంచునే చూశాను.

యంత్రం పాడైతే పనికొస్తుందనే నేను ఎప్పుడూ బ్యాకప్ అమ్మాను. ఆ రోజు ఏ యంత్రమూ పాడవలేదు. ఒక మనిషి మంచిదనుకొని ఒక మార్పు చేశాడు, అంతే. అందుకే ఇప్పుడు ఏ సర్వీసు మంచిదని ఎవరడిగినా ముందుగా వాళ్ల ఫైలొకటి కాపీ దాచి చెరిపేసి, కుర్చీ వాళ్లకిచ్చి పక్కన నిలబడతాను. వాళ్ల చేతులతో వాళ్లు వెనక్కి తెచ్చుకోగలిగిందే మంచి సర్వీసు.