గొర్రెల వారి పగ

నా చిన్నప్పుడు, నేను మొట్టమొదట పగబట్టిన శత్రువుకి పదేళ్లు. సింగపూర్‌లో, సెరంగూన్‌లో మా పై అంతస్తు ఫ్లాట్‌లో ఉండేవాడు. కంప్యూటర్ ఉద్యోగాల జోరులో వాళ్ల నాన్నా మా నాన్నా ఆంధ్రా నుంచి ఒకే ఏడాది వచ్చారు. మా ఇంటిపేరు గొర్రెల. బళ్లో నాకు కాక ఆ మాటకి అర్థం తెలిసినవాడు వాడొక్కడే. ఊరుకున్నాడా? క్లాసంతటికీ చెప్పేశాడు. మర్నాటి నుంచి టీచరు నా పేరు పిలిస్తే చాలు, వెనక నుంచి "మేఁ" అని ఒకటే మంద.

నా ఒళ్లు మండిపోయేది. ఇంటిపేరు మార్చేయమని నాన్నని పోరాను. తాతలనాటి పేరు, ఎలా మారుస్తామని ఆయన నవ్వేశారు. ఇక నా దారి నేను చూసుకున్నాను. వాడి మంచినీళ్ల సీసాలో కలపడానికి, శనివారం వంటింట్లో గుంటూరు కారం పొట్లం కడుతూ కూలిబాలి అంకుల్‌కి దొరికిపోయాను.

అంకుల్‌ది ఆఫ్రికాలో పడమటి వైపున్న మాలి దేశం. కూలిబాలి ఆయన ఇంటిపేరు. రాఫెల్స్ ప్లేస్ ఆఫీసులో నాన్న పక్క సీటు. అమ్మ చేసే పప్పు కోసం శనివారాలు వచ్చేవారు. కారం ఎందుకో చెప్పాను. తిట్టలేదు. పొట్లం తన జేబులో వేసుకుని, నన్నూ నాన్ననీ కింద తిండి కొట్లన్నీ ఉండే హాకర్ సెంటర్‌కి టీ తాగడానికి తీసుకెళ్లారు.

అక్కడ ఒక పొడుగాటి మనిషి అంకుల్‌ని చూడగానే, అందరూ వినేలా ఇంగ్లీషులో అరిచాడు. "వచ్చాడండీ బొబ్బర్లు మెక్కే దొంగ! వీడి వంశమంతా మాకు బానిసలు!"

"నోర్ముయ్! మీ తాత కూటికోసం మా గుమ్మంలో ఏడ్చేవాడు!" అన్నారు అంకుల్.

కొట్టుకుంటారని నాన్న వెనక్కి జరిగారు. అప్పుడు చూశాను. ఆ మనిషి తన పక్క కుర్చీలో టిష్యూ పొట్లం పెట్టి, అంకుల్ కోసం సీటు చోప్ చేసి ఉంచాడు, అంటే ఇంకెవరూ కూర్చోకుండా సింగపూర్ పద్ధతిలో ఆపాడన్నమాట.

ఆయన ఇంటిపేరు కెయిటా అట. కూలిబాలీలకీ కెయిటాలకీ తరతరాల వేళాకోళం వరస, మన బావామరదళ్లలాగే. బొబ్బర్లు మెక్కుతావనడం అందులో మామూలు తిట్టట. ఎంత మాటన్నా కోపం రాకూడదు, వస్తే ఓడినట్టే. పెళ్లిలోనే కాదు, చావింట్లో కూడా వెక్కిరించే హక్కుందట.

"కూలిబాలి అంటే పడవ లేనివాడు," అన్నారు అంకుల్. "శత్రువులు తరుముతుంటే మా పెద్దలు ఇద్దరన్నదమ్ములు నది దాకా వచ్చారట. పడవ లేదు. పెద్ద చేప వీపెక్కి దాటారట. ఆ లేమినే మేం పేరుగా పెట్టుకున్నాం. ఇప్పుడు మాలిలోనే కాదు, పక్క దేశాల్లో కూడా సంతలో రాయి విసిరితే ఎవరో ఒక కూలిబాలికి తగులుతుంది. నీ గొర్రె అరుపు ఎవడో అరిచేదాకా ఎందుకు? ముందు నువ్వే అరిచేయ్."

సోమవారం వాడు "మేఁ" అనగానే నేను అంతకు రెట్టింపు గొంతుతో "మేఁ" అన్నాను. "అవును, గొర్రెనే! నువ్వు బొబ్బర్లు మెక్కే దొంగవి!" క్లాసు గొల్లుమంది. వాడి మొహం కందగడ్డలా అయింది. ఆహా, ఆ మొహం! కడుపునిండా పాయసం తాగినట్టయింది నాకు. కోపం వచ్చింది కాబట్టి ఓడిపోయావని మొహం మీదే చెప్పాను. అంతటితో వదిలానా? కాంటీన్‌లో నా పక్కన టిష్యూ పొట్లం పెట్టి వాడికి సీటు ఆపాను. ప్రేమా పాడా! దగ్గర్నుంచి తిట్టడానికి వీలని. వాడూ వచ్చి కూర్చున్నాడు, తిరిగి తిట్టాలి కదా. అలా ఏళ్లు గడిచాయి.

నా తల నెరవడం మొదలయ్యాక నాన్న పోయారు. దహనవాటిక హాల్లో అందరూ మెత్తగా ఓదారుస్తుంటే నాకు కన్నీటి చుక్క రాలేదు. ముందు వరసలో ఒక కుర్చీ మీద టిష్యూ పొట్లం కనిపించింది. పక్కనే వాడు, ఊరికి అవతలి చివరున్న చోవా చూ కాంగ్ నుంచి అందరికంటే ముందొచ్చి నిలబడ్డాడు. నేను కూర్చోగానే చెవి దగ్గర వంగి, చిన్నగా "మేఁ" అన్నాడు.

"ఇవాళ కూడా బొబ్బర్లు మెక్కే వచ్చావా, దొంగవెధవా" అన్నాను. నవ్వొచ్చింది. దాని వెనకే ఏడుపు కట్టలు తెంచుకుంది. ఆ పొట్లంలో టిష్యూలన్నీ నాకే అయిపోయాయి.

వాడి మీద నా పగ ఇంకా తీరలేదు. తీరనివ్వను కూడా.