మోటరుకు ఫోన్ చేసిన సిపాయి

శత్రువు చొరబడితే సిపాయి ఏం చేయాలో మాకు శిక్షణలో నేర్పారు. ఆ శత్రువు తనే అయితే ఏం చేయాలో మాత్రం నేర్పలేదు. కాబట్టి గుండె చిక్కబట్టుకుని చదవండి. రాజస్థాన్ ఇసుకలో కూర్చుని గరిడేపల్లి దగ్గరి మా వరి మడిని ముంచేసిన ఘనుణ్ని నేను.

పోయిన సెలవులో మిర్యాలగూడ నుంచి ఒక డబ్బా తెచ్చి మా బోరు మోటరుకు పెట్టించాను. దాంట్లో సిమ్ము ఉంటుంది. ఫోన్ చేస్తే ఒక అమ్మాయి గొంతు పలుకుతుంది, ఒకటి నొక్కితే మోటరు లేస్తుంది. మెకానిక్ ఇంకా ఏదో చెప్పబోతుంటే, "ఎరికేనే అన్నా, ఎరికే" అన్నాను. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి. నాయిన ఆ డబ్బాను నమ్మలేదు. ఎప్పటిలాగే వెళ్లి మీట నొక్కేవాడు.

ఇక్కడ నా దినచర్య ఏమిటంటారా? పొద్దున పరుగు, బూట్లకు పాలిష్, ఇసుకలో కాపలా, మళ్లీ బూట్లకు పాలిష్. కనుచూపు మేర పచ్చగా కనిపించేది మా యూనిఫారం ఒక్కటే. సాయంత్రం టీ తాగాక ప్రాణం ఇంటి మీదికి గుంజేది. అమ్మకు చేస్తే ఏడుపు మొదలుపెడుతుంది. నాయినకు చేస్తే, "తిన్నవా? మంచిది. పెట్టెయ్" అంటాడు. అందుకని ఇంటికి ఆదివారాలు చేసేవాణ్ని. మోటరుకు రోజూ చేసేవాణ్ని.

నవ్వకండి. "మోటరు నడుస్తున్నది" అని ఆ అమ్మాయి తెలుగులో అనగానే, గొట్టంలోంచి నీళ్లు నా కళ్ల ముందు దుమికేవి. గట్టు మీది గడ్డి తడిసేది. తృప్తిగా ఫోన్ పెట్టేసేవాణ్ని. నేను పెట్టేస్తే అదీ ఆగిపోతుందని నా గట్టి నమ్మకం. ఆపడానికి రెండు నొక్కాలని మెకానిక్ చెప్పే ఉంటాడు. నాకు ఎరికే కదా!

చేనుకు నీళ్లు కావాల్సినన్నాళ్లు మోటరు ఎటూ నడిచేదే కనుక నా ప్రేమ ఎవరి కంటా పడలేదు. కోత దగ్గరపడ్డాక నాయిన మోటరు బందుపెట్టి మడిని ఆరబెట్టాడు. ఒకరోజు ఆయనే ఫోన్ చేశాడు. అదే పెద్ద వింత.

"సైదులూ, ఎవడో మన మోటరు ఏస్తున్నడురా! మడి నిండ నీళ్లు. సూర్యాపేట నుంచి కోత మిషన్ వస్తే నడుమల దిగబడి కూసుంది. మొగులైతున్నది, వాన కొడితే వడ్లన్నీ రాల్తయి."

నాలోని గూఢచారి మీసం దువ్వాడు. "పక్క మడి వెంకన్న మామది గదా నాయినా? ఆయన నాటు ఆలస్యమాయె. ఇంకా నీళ్లు గావాలె. మన మడి నిండితే గట్టు దాటి ఏడికి పోతయి?"

"వెంకన్ననా? ఛ! కలిసి కల్లు తాగేటోళ్లం."

"దొంగలు కలిసే తాగుతరు నాయినా."

అంతే. గట్టు మీద ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. నన్ను చిన్నప్పటి నుంచి 'అల్లుడా' అని పిలిచే వెంకన్న మామ తువాల దులిపి, "ఇయ్యాల నీ ఎదురుంగనే మోటరు కాడ కూసుంట. దొంగెవడో జూద్దాం పట్టు" అన్నాడట.

ఆ సాయంత్రం ఇక్కడ నేను, మా యూనిట్‌లోని కోదాడ నాగేసు టీ తాగాం. అలవాటు ప్రకారం ఫోన్ చేశాను, ఒకటి నొక్కాను, అమ్మాయి గొంతు విన్నాను, పెట్టేశాను. వెంటనే నాయిన ఫోన్. నాగేసు కూడా వింటాడని స్పీకర్ పెట్టాను.

"ఒరేయ్, ఇద్దరం మోటరు కాడనే ఉన్నం! ఎవ్వలు ముట్టలే. దానంతటదే లేసింది!"

"ఎప్పుడు?"

"గిప్పుడే!"

నాగేసు గ్లాసు కింద పెట్టాడు. "ఏరా, ఇందాక నువ్వు ఫోన్ చేసింది ఎవరికి?"

"మోటరుకు."

"ఎందుకు?"

"ఊకెనే. ఎట్లుందో అని."

"పెట్టేస్తే ఆగుద్దా అది?"

"ఆగదా?"

ఇదంతా స్పీకర్‌లోంచి అవతలికీ వినపడింది. మోటరు చప్పుడు మధ్యనుంచి వెంకన్న మామ గొంతు వచ్చింది. "అల్లుడా, దేశమంతా కావలి గాస్తున్నవ్. జర మా గట్టొక్కటి ఇడిసిపెట్టరాదురా!"

ఫోన్ నాయిన చేతికి వెళ్లింది. తిట్లకు సావధాన్‌లో నిలబడ్డాను.

"మోటరుకు రోజు జేస్తివి," అన్నాడు. "నాకు ఆదివారమే జేస్తివి."

"నువ్వు పెట్టెయ్ అంటవ్ గద నాయినా."

"నీకు డ్యూటీ ఉంటదని అంటనురా."

ఇసుక కళ్లలో పడింది. ఆ రోజు గాలి లేదని నాగేసు ఇప్పటికీ వాదిస్తాడు.

మడిలో నీళ్లు తీసి, కోదాడ నుంచి బురదలో దిగబడని చైన్ మిషన్ తెప్పించారు. వాన జాలిపడి ఆగింది, వడ్లు ఇల్లు చేరాయి. దొంగలిద్దరూ మళ్లీ కలిసి తాగుతున్నారు. ఇప్పుడు రోజూ సాయంత్రం నాయినకే చేస్తున్నాను. "తిన్నవా?" అంటాడు. "తిన్న" అంటాను. పెట్టెయ్ అనడు. ఇద్దరం ఊరికే ఉంటాం. వెనకాల కొత్త నాటుకు పారే నీళ్ల చప్పుడు వినిపిస్తుంది.

కనుక రోజుకు రెండుసార్లు పాలిష్ చేసే ఈ బూట్ల మీద ఒట్టేసి చెబుతున్నాను: ఈ జన్మలో మళ్లీ మోటరుకు ఫోన్ చేయను. ఈ ఒట్టు తప్పే ప్రమాదం కూడా లేదు. నాయిన మెకానిక్‌ను పిలిపించిన మర్నాడే ఒకసారి పరీక్షించి చూశాను. "ఈ నంబరుకు అనుమతి లేదు" అంది ఆ అమ్మాయి. తెలుగులోనే.