ఆముదం తాగిన పోలండ్ పిస్తోలు

2019 ఎన్నికల ప్రకటనకు కొద్ది నెలల ముందు నన్ను గుంటూరులోని ఒక ఫోరెన్సిక్ ప్రయోగశాలకు బదిలీ చేశారు. ఆయుధాల విభాగానికి అసిస్టెంట్ డైరెక్టరు హోదా. కేసుల్లో పట్టుబడిన తుపాకులు, తూటాలు, అవి పేలాక మిగిలే ఖాళీ గుల్లలు పరీక్షించి, పోలీసులు అడిగిన ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబివ్వడం మా పని. అడగని వాటికి జవాబివ్వకూడదని చేరిన కొత్తలోనే నేర్పుతారు. ఆ విద్య నాకు పూర్తిగా అబ్బలేదు. అర్చకుల ఇంట్లో పుట్టి తుపాకులు విప్పుకునే ఖర్మేమిటే నీకు అని మా మేనత్త చివరిదాకా సణిగేది. పెళ్లిచూపుల్లో ఉద్యోగం సంగతి దాచమని కూడా చెప్పింది. నేను దాచలేదు, పెళ్లీ ఆగలేదు.

ఎన్నికలొస్తే లైసెన్సు ఆయుధాలన్నీ పోలీస్ స్టేషనులో అప్పగించాలి. అలా అప్పగించబోయిన ఒక పిస్తోలే పర్చూరు వైపు నుంచి కేసుగా మారి మా దగ్గరికి వచ్చింది. గుడ్డలో చుట్టి, లక్క సీళ్లు వేసిన చిన్న పార్సిలు. విప్పగానే నాకు తుమ్ములు ఆగలేదు. ఆ పిస్తోలు ఏళ్ల తరబడి మిరపకాయల టిక్కీలు, అంటే గోనె బస్తాలు, పెట్టే గదిలో, ట్రంకుపెట్టెలో ఉందట.

కేసు ఇది. శేషయ్య, కోటేశ్వరరావు అన్నదమ్ములు. మిరప, పొగాకు వేసే రైతులు. ఇద్దరి చేల మధ్య గట్టు తగాదా చాలాకాలంగా నడుస్తోంది. పిస్తోలు వాళ్ల తాతది. ఆయన రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీలో మన సైన్యానికి లారీ నడిపాడు. తాత తర్వాత తండ్రి పేరుకు లైసెన్సు మారింది. తండ్రి పోయాక ఎవరూ మార్పించుకోలేదు. ఎన్నికల దండోరా విని, ఇక ఇంట్లో ఉంచితే తంటా అని శేషయ్య దాన్ని బయటికి తీసి వరండాలో తుడుస్తున్నాడు. అప్పుడే తమ్ముడు గట్టు సంగతి తేల్చుకోవడానికి వచ్చాడు. మాటా మాటా పెరిగింది. పిస్తోలు పేలి తూటా తమ్ముడి తొడలో దిగింది. శేషయ్య మీద హత్యాయత్నం కేసు పెట్టి జైలుకు పంపారు. బెయిలు దొరకలేదు. నేరం రుజువైతే అరవై దాటిన ఆ మనిషి మిగిలిన ఆయుష్షు అక్కడే గడపాలి.

పార్సిలుతో వచ్చిన ఎస్సై చురుకైన కుర్రాడు. "ఇందులో చూడ్డానికేముందండీ మేడమ్? ట్రిగ్గర్ ముట్టుకోలేదు, వెనక మీట నొక్కానంతే అంటున్నాడు. సేఫ్టీ మీట చూడండి, కిందికుంది. కావాలనే తీసి కాల్చాడు. తమ్ముడు కూడా నా వైపే తిప్పాడంటున్నాడు," అన్నాడు.

అతను అన్నదాంట్లో తెలివితక్కువతనం లేదు. మన పోలీసులు శిక్షణలో పట్టుకునే తొమ్మిది మిల్లీమీటర్ల పిస్తోలుకు ఎడమవైపు, బొటనవేలికి అందేచోట ఒక మీట ఉంటుంది. పైకి ఉంటే సేఫ్టీ పడినట్టు, కిందికి ఉంటే తీసినట్టు. ఈ పిస్తోలుకూ సరిగ్గా అక్కడే అలాంటి మీట ఉంది. నా బొటనవేలు కూడా మొదట దాని మీదికే వెళ్లింది.

అయితే స్లైడు మీద, అంటే పైన వెనక్కి జరిగే ఇనుప భాగం మీద, ఒక గద్ద బొమ్మ ఉంది. తలమీద కిరీటం. పక్కన పోలండులోని రాదోం ఊరి పేరు. ఇలాంటిది అంతకుముందు నేను చేత్తో పట్టుకోలేదు. పస్తున్న మనిషికి పలావు వడ్డించినంత సంబరమైంది. లైబ్రరీలోంచి పాత ఆయుధాల గ్రంథం తెప్పించాను.

1930ల్లో పోలండు సైన్యం తన అధికారుల కోసం చేయించుకున్న పిస్తోలు ఇది. వాళ్లకు గుర్రపు దళాలు ముఖ్యం. రౌతుకు ఒక చేతిలో కళ్లెం ఉంటుంది. మిగిలిన ఒక్క చేత్తోనే, ఎత్తి ఉన్న సుత్తిని ప్రమాదం లేకుండా దించగలగాలి. అందుకని స్లైడు వెనక ఒక చిన్న మీట పెట్టారు. దాన్ని నొక్కితే ముందు, సుత్తి దెబ్బకు తూటాను పొడిచి పేల్చే ఫైరింగ్ పిన్ను ఆ సుత్తికి అందకుండా లోపలికి పోతుంది, ఆ తర్వాతే సుత్తి పడుతుంది. ఇక ఎస్సై చూపించిన కింది మీట సేఫ్టీయే కాదు. తుడవడానికి పిస్తోలు విప్పేటప్పుడు స్లైడును వెనక ఆపి ఉంచే కొక్కెం. మామూలుగా అది ఎప్పుడూ కిందికే ఉంటుంది.

1939లో జర్మన్లు పోలండును ఆక్రమించాక ఆ ఫ్యాక్టరీని తమకోసం నడిపించుకున్నారు. గద్ద పోయి జర్మన్ ముద్రలు వచ్చాయి. పనివాళ్లు దొంగచాటుగా పిస్తోళ్లు బిగించి తిరుగుబాటుదారులకు చేరవేస్తారని, గొట్టాల పని ఆస్ట్రియాకు మార్చారు. మా చేతికొచ్చిన దానికి గద్ద ఉంది కాబట్టి యుద్ధానికి ముందుది. ఇటలీలో పోలిష్ సైనికులు, మన సైనికులు ఒకే పక్షాన పోరాడారు. గాయపడిన పోలిష్ అధికారిని లారీలో ఆసుపత్రికి చేరిస్తే బహుమానంగా ఇచ్చాడని తాత చెప్పేవాడట. అది నిజమో, దారిలో దొరికిందో నేను చెప్పలేను. రిపోర్టులో రాయలేదు.

కింది మీట సంగతి తేలింది కానీ శేషయ్య మాట తేలలేదు. అతను నొక్కింది స్లైడు వెనక ఉన్న ఆ పై మీటే అయితే పిస్తోలు పేలకూడదు. మా సహాయకుడు గొట్టం తుడిచి పరీక్షకు సిద్ధం చేస్తానన్నాడు. వద్దని గట్టిగానే అరిచాను. వచ్చిన స్థితిలోనే ముందు పరీక్షించాలన్నది మా నియమం. పని ఒత్తిడిలో అందరూ మొదట మరిచిపోయేదీ అదే.

మందు, గుండు లేకుండా వెనక పేలుడు టోపీ మాత్రమే ఉన్న గుల్లలు పెట్టి, సుత్తి ఎత్తి, ట్రిగ్గరుకు వేలు దూరంగా ఉంచి పై మీట నొక్కాను. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కినా అంతే. శేషయ్య అబద్ధమాడాడని సగం నిర్ణయించుకున్నాను. ఆ తర్వాతిసారి గుల్ల టప్పున పేలింది. మా సహాయకుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇంకొన్నిసార్లు నొక్కితే మరోసారి పేలింది.

అప్పుడు విప్పాను. ఫైరింగ్ పిన్ను ఉండే సన్నని దారిలో ఎర్రగా, పసుపుగా, పాకంలా గట్టిపడిన పదార్థం. రసాయన విభాగానికి పంపితే ఆముదం, పసుపు, కుంకుమ, మిరపపొడి అని చెప్పారు. ఇవన్నీ లోపలికెలా చేరాయో జైలులో శేషయ్యను అడిగి రమ్మని ఎస్సైకి చెప్పాను. నిజానికి అది నేను అడగాల్సిన ప్రశ్న కాదు. ఏటా దసరాకు నాగలి, కొడవళ్లతోపాటు పిస్తోలునూ పూజలో పెడతారట. తండ్రి ఉన్నప్పటినుంచీ దాని వెనకభాగానికి బొట్టు పెట్టి, తుప్పు పట్టకుండా ఆముదం పోస్తారట. ఏళ్ల తరబడి తాగిన ఆముదమంతా లోపల బిగుసుకుంది. పిన్ను పూర్తిగా లోపలికి పోలేక, దాని తోక ఒక్కోసారి సుత్తి దెబ్బకు అందుతోంది. లోపల తూటా ఉందేమో చూద్దామని శేషయ్య స్లైడు లాగినప్పుడు మ్యాగజైనులోని తూటా ఎక్కింది, సుత్తి లేచింది. తండ్రి నేర్పినట్టు దాన్ని దించబోయాడు. భక్తిగా చేసిన పనే కొంపముంచింది.

సెషన్స్ కోర్టులో ప్రభుత్వ న్యాయవాది నన్ను ఒకే ప్రశ్న తిప్పితిప్పి అడిగారు. ముద్దాయి ట్రిగ్గర్ నొక్కలేదని చెప్పగలరా? చెప్పలేనన్నాను. ట్రిగ్గర్ నొక్కకుండానే ఈ పిస్తోలు పేలగలదని, కింది మీట సేఫ్టీ కాదని, ఆ రెండే చెప్పగలనన్నాను. హత్యాయత్నం కేసు కొట్టేశారు. లైసెన్సు లేని నేరం వేరేగా మిగిలింది, దానికి అతను జైల్లో గడిపిన కాలం సరిపోయింది.

తీర్పు వినాలని నేనూ వెళ్లాను. మామూలుగా వెళ్లేదాన్ని కాదు. వరండాలో కోటేశ్వరరావు కుంటుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"మేడమ్ గారూ, అంటే మా అన్న కావాలని కాల్చలేదనేగా మీరు చెప్పేది?"

"పిస్తోలు చెప్పగలిగింది నేను చెప్పేశాను. కావాలనా కాదా అన్నది మీ అన్ననే అడగాలండీ," అన్నాను.

"అడిగితే నమ్మేవాణ్ణి కాదండీ ఇన్నాళ్లూ," అన్నాడు. నాకు కష్టంగా అనిపించింది.

పోలీసుల పక్కన శేషయ్య బెంచీమీద కూర్చుని ఉన్నాడు. తమ్ముడు వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. శేషయ్యే తలెత్తి, "ఏరా, కాలు మడత పడుతోందా?" అన్నాడు. "పడతందిలే," అంటూ తమ్ముడు పక్కన కూర్చున్నాడు. గట్టు తగాదా ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు.

ఆ కేసు నేర్పింది ఇది: ఒక వస్తువును మనకు అలవాటైన వస్తువులా చూడకూడదు, చూడటం పూర్తికాకముందు తుడవకూడదు. రిటైరయ్యేదాకా కొత్తగా చేరిన ప్రతివారికీ మొదటిరోజే ఈ రెండూ చెప్పాను. ఏటా దసరాకు మా విభాగంలోనూ ఆయుధపూజ చేసేవాళ్లం. ఆ ఏడాది నుంచి పసుపు, కుంకుమ బల్లకు పెట్టించాను. తుపాకులను బీరువా దాటనివ్వలేదు.