మల్లక్క కాగితం

కార్చిచ్చు చేలల్లోకి పాకకుండా అడవి అంచున పది అడుగుల మేర గడ్డీ కంపా తీసేయాలి. అందుకు రైతుల ఒప్పుదల కోసం అటవీశాఖ ఉద్యోగి శశికళ ఆత్మకూరు నుంచి మూడోసారి వచ్చింది. ఇరుగుపొరుగు చేలవాళ్లంతా ఒప్పుకున్నారు. మల్లక్క మాత్రం కాగితం ముట్టుకోలేదు. చెట్లు నాటిస్తామని ఆమె తండ్రి చేత వేలిముద్ర వేయించుకున్న అప్పటి అటవీశాఖవాళ్లు మరుసటేడు చేలో అడవి హద్దురాళ్లు పాతారు.

"ఇది హద్దు కాదవ్వా. మంట ఆగేదానికి, అంతే."

"మా నాయనకూ ఇంత తియ్యగానే చెప్పినారు."

"మరి ఏం చేస్తే నమ్ముతావు?"

మల్లక్క కొంగుముడి విప్పి, మనవరాలి చేత రాయించిన కాగితం తీసింది. 'ఇది హద్దు కాదు. ఈ చేను మల్లక్కదే' అని ఉంది. శశికళ నవ్వి పెన్ను తీసింది.

"సంతకాలు మీరు ఎన్ని రకాలుగానైనా గీకుతారు," అంటూ మల్లక్క తన వేలిముద్ర కోసం శశికళ తెచ్చిన సిరా డబ్బీని ఆమె వైపే జరిపింది. "ఏలిముద్ర ఎయ్యి."