నువ్వెందుకు డాక్టరైతున్నవ్ బిడ్డా?

దేవుని దయవల్ల ఇంతవరకు నా మూలంగా ఎవరి ప్రాణమూ పోలేదు. ఒక ఆడపిల్ల డాక్టరు చదువు మాత్రం పోయినంత పనైంది. దానికి నేను కత్తి ఎత్తలేదు, విషం కలపలేదు. దవాఖాన మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఒక ప్రశ్న అడిగాను, ఆపైన ఒక ప్రార్థన చేశాను. అంతే. ఇంత మంచి పనిలోంచి అంత ఉపద్రవం ఎట్లా పుట్టిందో చెబుతాను, వినండి. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను.

మాది కొత్తకోట దగ్గర పల్లె. నేను బడి మొహం చూడలేదు. మా అవ్వ పొయ్యి ముందు కూర్చోబెట్టి, చర్చిలో పాడుకునే పాటల పుస్తకంలోనే అక్షరాలు నేర్పింది. లోకమంతటికీ అ అంటే అమ్మ, నాకు అ అంటే అర్పణ. అవ్వ అక్షరాలతో పాటు ఇంకొకటి కూడా నేర్పింది. ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాలి. అంటే ఆ వారం దేవుడు చేసిన మేలు నలుగురి ముందు చెప్పి కృతజ్ఞత చూపాలి. అక్కడ నొప్పుందనీ కష్టముందనీ అన్నామా, అది సణుగుడు కింద లెక్క. మా అవ్వ దృష్టిలో దొంగనైనా క్షమించవచ్చు గాని సణిగేవాళ్ళను క్షమించకూడదు. అందువల్ల ఎవరు 'ఎట్లున్నవ్' అని అడిగినా నా నోట్లోంచి 'దేవుని కృప, మంచిగున్న' అనే మాట తూటాలాగా దూసుకొస్తుంది. ఒకసారి కాలు మడతపడి విరిగినప్పుడు కట్టు కట్టే ఆయనతో కూడా అట్లాగే అన్నాను. మంచిగుంటే ఇంకేమి అని ఆయన ఇంటికి పంపించేశాడు.

తెలంగాణ రాష్ట్రం వచ్చాక కొన్నేళ్ళకు నా గొంతు ముందు ఒక గడ్డ లేచింది. మా ఇంటాయన షాద్‌నగర్‌లో ఫ్యాక్టరీ పని చేస్తూ వారానికొకసారి ఇంటికి వచ్చేవాడు కాబట్టి, వచ్చినప్పుడల్లా ఆయన కంటికి ఆ గడ్డ ఒక కొత్త పండులా కనిపించేది. రేగిపండు అన్నాడు, నిమ్మకాయ అన్నాడు, జామకాయ దాకా వచ్చాక ఓపిక పోయింది.

"ఇగ దవాఖానకు నడువు. బత్తాయి అయ్యేదాక ఆగుతవా?"

"దేవుని కృప, నాకేం గాలేదు."

"దేవుని కృప గానీ, గొంతు నీదే గదా. నడువు."

మా వైపు కొత్తగా వచ్చిన మెడికల్ కాలేజీల్లో ఒకదాని దవాఖానలో చేర్చాడు. ఆపరేషన్ కన్నా ముందు గుండెదడ తగ్గాలని గోలీలు ఇస్తూ కొన్నాళ్ళు ఉంచారు. పక్క మంచం బాలమణిది. కాళ్ళ నరాలు పాముల్లా ఉబ్బి వచ్చిన రైతు మనిషి. నోరు మాత్రం ఏ రోగమూ లేకుండా చక్కగా పనిచేసేది.

పొద్దున అయ్యేసరికి తెల్ల కోట్లు వేసుకున్న పిల్లలు పావురాల్లాగా నా మంచం చుట్టూ వాలేవాళ్ళు. గ్లాసుడు నీళ్ళిచ్చి 'మింగమ్మా' అనేవాళ్ళు. మింగితే గడ్డ పైకి ఎక్కి దిగేది. అది చూసి వాళ్ళకు జాతరలో రంగులరాట్నం చూసినంత సంబరం. గుంపు పోతే ఇంకో గుంపు, ఇంకో గ్లాసు. మధ్యాహ్నానికి నేను మనిషినా నీళ్ళ ట్యాంకరునా అన్నది నాకే తెలిసేది కాదు.

నా గడ్డ మీద ఇంత శ్రద్ధ పెట్టిన పిల్లలకు నేనేం చేయగలను? పేరు పేరునా ప్రార్థన చేయగలను. ప్రార్థన చేయాలంటే పేరొక్కటే చాలదు కదా, ఆ బిడ్డను దేవుడు ఈ దారిలోకి ఎట్లా పిలిచాడో కూడా తెలియాలి. కాబట్టి మింగినప్పుడల్లా అడగడం మొదలుపెట్టాను: "నువ్వెందుకు డాక్టరైతున్నవ్ బిడ్డా?"

ఒక పిల్లవాడు, "డాక్టరైతే బాగుంటదని మా నాయిన అన్నడు ఆంటీ," అన్నాడు.

ఇంకొకడు, "నాకు లెక్కలు రావు ఆంటీ. లెక్కలు లేని చదువు గిదొక్కటే దొరికింది," అన్నాడు.

"సీటొచ్చింది, చేరిన," అన్నది ఒక అమ్మాయి, బస్సులో సీటు దొరికినంత తేలిగ్గా.

నాకు ప్రాణం ఉసూరుమంది. ఇది సాక్ష్యమేనా? "గట్ల చెప్పొద్దు బిడ్డా. 'సీటొచ్చింది' అనకు, 'సీటు దయచేసిండు' అను," అని దిద్దడం మొదలుపెట్టాను. బాలమణి దుప్పటి ముసుగులోంచే అందుకునేది.

"అక్కా, వాళ్ళు నీ గొంతుల గడ్డ చూడనీకి వస్తే, నువ్వు వాళ్ళ కడుపుల మాట లాగుతవేంది?"

"మంచిమాట అడిగితే తప్పా బాలమణీ?"

"తప్పు గాదు. జర జల్ది డిశ్చార్జి చేస్తరు నిన్ను."

డిశ్చార్జి చేయలేదు సరికదా, నాకు పెద్ద గౌరవమే చేశారు. పిల్లల చివరి పరీక్షలు వచ్చాయి. వాళ్ళ పరీక్షలో రోగి కూడా ఒక ప్రశ్నపత్రమేనట. పరీక్ష రాసే బిడ్డ రోగితో మాట్లాడి, గంట మోగేలోగా జబ్బేమిటో పసిగట్టి, బయటినుంచి వచ్చిన పెద్ద సారుకు ఒప్పజెప్పాలి. ఆ ప్రశ్నపత్రంగా నన్ను ఎన్నుకున్నారు. బాలమణిని కూడా. "జబ్బు పేరు మాత్రం మీ నోట చెప్పొద్దు, అడిగినదానికి జవాబు చెప్పండి," అని నర్సమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది. మాట ఇచ్చాను.

ఆ ఉదయం ఉతికిన చీర కట్టుకున్నాను. పెద్దల ముందుకు పోయేటప్పుడు చర్చికి పోయినట్టే పోవాలని, కొంగు తల మీదుగా తెచ్చి మెడ చుట్టూ రెండు చుట్లు చుట్టి దోపాను. ఒక్కసారి ఆలోచించండి. జబ్బేమో మెడ మీద. మెడేమో మూటలో.

నా వంతుకు వచ్చిన అమ్మాయి పేరు శ్రావణి. అమ్రాబాద్ దగ్గరి ఊరు. వార్డులో నేనెప్పుడూ చూడలేదు. ఇదే పరీక్ష ఒకసారి తప్పిందట. ఆ సిగ్గుతో హాస్టల్ గదిలోనే తలుపు వేసుకుని చదువుకున్నదట. ఈసారీ తప్పితే తోటివాళ్ళంతా డాక్టర్లై వెళ్ళిపోతారు, ఈమె మిగులుతుంది. చేతిలో రాసుకునే అట్టను తలకిందులుగా పట్టుకుంది.

"నమస్తే పెద్దమ్మా. మీకేం తకలీఫ్ ఉంది?"

"దేవుని కృప, ఏ తకలీఫ్ లేదు బిడ్డా."

"నొప్పి గిట్ల?"

"దేవుని కృప, లేదు."

"మరి దవాఖానకు ఎందుకొచ్చిన్రు?"

"మా ఇంటాయన తోలుకొచ్చిండు."

పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు గుండె తరుక్కుపోయింది. భయంతో ఉన్న బిడ్డకు ముందు ధైర్యం చెప్పాలా వద్దా? ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది? పిలుపు గుర్తుచేసుకుంటే వస్తుంది. ఇంకేముంది, అడిగేశాను: "ఏడ్వకు. నువ్వెందుకు డాక్టరైతున్నవ్ బిడ్డా?"

శ్రావణి, కొంగు లేదు కాబట్టి, కోటు చేతితో ముక్కు తుడుచుకుంది. "చిన్నప్పుడు మా మేకకు కాలిరిగితే కట్టు కట్టిన పెద్దమ్మా. అది నడిచింది. గప్పటి సంది ఊరంత నన్ను డాక్టరమ్మ అనే పిలుస్తది. ఇప్పుడు ఫెయిలైన అని చెప్పనీకి మొహం లేదు. ఊరికి పోక శానా దినాలైంది. పోతే గోలీలు అడుగుతరు. మేకల్ని గూడ తోలుకొస్తరు."

ఇన్నాళ్ళూ 'నాయిన అన్నడు', 'లెక్కలు రావు' వినీ వినీ ఎండిపోయిన నా చెవుల్లో వాన కురిసింది. ఇదీ సాక్ష్యమంటే. ఆమె రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాను. కళ్ళు మూసుకున్నాను.

ప్రార్థన మొదలుపెడితే నాకు ఆపడం రాదు; ఈ మాట మా పాస్టరుగారు కూడా ఒప్పుకుంటారు. ముందు ఆ బిడ్డ కోసం, తరువాత తల్లిదండ్రుల కోసం, ఊరి కోసం, మేక కోసం, ఆ మేక పిల్లల కోసం కృతజ్ఞత చెప్పాను. పరీక్ష పెట్టే సార్ల కోసం, వాళ్ళ భార్యాబిడ్డల కోసం, ఆ ఇనుప మంచానికి వెల్డింగు చేసిన మనిషి కోసం కూడా చెప్పాను.

"పెద్దమ్మా," అన్నది శ్రావణి మెల్లగా.

"ఆమెన్ దాకా ఆగు బిడ్డా."

మా మంచాల మధ్య కట్టిన తెరకు అటువైపు నుంచి బాలమణి దగ్గింది. మళ్ళీ దగ్గింది. పాపం, కాళ్ళ జబ్బు చాలదన్నట్టు దగ్గు కూడా వచ్చిందా అని ఆమెను కూడా ప్రార్థనలో కలిపాను.

ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి గంట మోగుతున్నది. పెద్ద సారు మంచం దగ్గరే నిలబడి ఉన్నాడు. శ్రావణి చేతులు ఇంకా నా చేతుల్లోనే ఉన్నాయి.

"చెప్పమ్మా. పేషెంట్ కంప్లైంట్స్ ఏమిటి?"

"లేవు సర్."

"లేకపోతే ఆమె ఇక్కడ ఎందుకుంది?"

"దేవుని కృప సారూ," అన్నాను నేను, పిల్లకు సాయంగా.

సారు నావైపు ఒకసారి, ఆమెవైపు ఒకసారి చూశాడు. "ఇంతసేపు ఏం చేశావు?"

"ప్రార్థన సర్."

"అది పరీక్షకు ముందు చేసుకోవాలమ్మా."

"నేను కాదు సర్," అన్నది శ్రావణి. "ఆమె."

అప్పుడు తెలిసింది నాకు, నేనేం చేశానో. ధైర్యం చెబుతున్నాననుకుని ఆ బిడ్డ గంటనంతా నమిలి మింగేశాను. కాళ్ళ కింద మంచం జారినట్టైంది. జబ్బు పేరు చెబుదామా అంటే నర్సమ్మకు మాట ఇచ్చి ఉన్నాను. చెప్పకుండా చూపించవచ్చు కదా అనుకున్నాను. కొంగు చుట్లు ఊడదీశాను. మెడను కొక్కెర లాగా సాచాను. సారు చూస్తున్నాడు గాని శ్రావణి తల దించుకుని నేల చూస్తున్నది.

"సారూ, దూపైతుంది," అన్నాను. నర్సమ్మ నీళ్ళిచ్చింది. తల వెనక్కు వాల్చి, గుటక గుటకకూ ఆగి, గడ్డ ఎక్కీ దిగీ నాట్యం చేసేటట్టు మింగాను. సగం నీళ్ళు ముక్కులోకి పోయి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఆ చప్పుడుకు శ్రావణి తలెత్తింది, గడ్డ చూసింది.

"అమ్మా," అన్నాడు సారు నాతో, "పరీక్ష ఆ అమ్మాయికి, నీకు కాదు." తరువాత గడియారం చూసి, ఆమెవైపు తిరిగాడు. "కాసేపు ఇస్తున్నాను. నా ముందే అడుగు. సంగతులు ఆమె నోటినుంచి రావాలి, మెడనుంచి కాదు."

శ్రావణి దగ్గరికి వచ్చింది. "పెద్దమ్మా, మీకు తకలీఫ్..."

"దేవుని కృప..." అని నా దిక్కుమాలిన నాలుక అప్పుడే బయలుదేరింది. పళ్ళ మధ్య పట్టుకుని ఆపాను.

ఆ పిల్ల అది గమనించింది. తరువాత మంచం పక్కన కూర్చుని అడిగింది: "పెద్దమ్మా, ఈ నడుమ దేవున్ని ఏమడుగుతున్నరు?"

చూశారా తెలివి. మనుషుల దగ్గర సణగడం మాలో తప్పు గాని, దేవునికి విన్నవించుకోవడం తప్పు కాదు కదా. చెరువు తూము ఎత్తినట్టైంది.

"ఏం జెప్పాలె బిడ్డా. తండ్రీ, గీ గుండె దడ ఆపు అని అడుగుతున్న. ఊకె కూసున్నా చేను చుట్టు ఉరికినట్టు కొట్టుకుంటది. సలికాలంల గూడ చెమటలు వడ్తున్నయ్, జర సల్లబర్సు అంటున్న. ఇద్దరి తిండి తింటున్న, జాకెట్లు మాత్రం వదులైతున్నయ్, గదేందో సూడు తండ్రీ అంటున్న. సూదిల దారం ఎక్కియ్య చేతులు ఆగుతలేవు. నిద్రియ్యమని అడుగుతున్న."

"ఎప్పటి సంది అడుగుతున్నరు?"

"మా చెల్లె బిడ్డ పెండ్లి కాన్నుంచి."

"మింగేటప్పుడు అడ్డం పడ్తదా?"

"జొన్నరొట్టె అడ్డం పడ్తది. గది గూడ అడిగిన."

తెర అవతలినుంచి బాలమణి గొంతు వినిపించింది: "ఇన్ని రోగాలు పెట్టుకొని నాకు మంచిగున్న మంచిగున్న అన్నవా అక్కా?"

శ్రావణి లేచి నా వెనక్కు వచ్చి మెడ మీద రెండు చేతులూ ఆనించింది. ఆపైన సారూ ఆమే ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, బిగించిన మూటలాంటి సారు మొహం ముడి వదులైనట్టు కనిపించింది.

"దేవుణ్ణి ఏమడుగుతున్నావు అనే ప్రశ్న ఏ పుస్తకంలో ఉందమ్మా?" అన్నాడు చివరికి.

"పుస్తకంల లేదు సర్. ఆమె ఎట్ల మాట్లాడతదో విని అడిగిన."

సారు తల ఊపి కదలబోయాడు. నేనైతే అక్కడితో ఊరుకోవాలి కదా? "సారూ, మీరెందుకు డాక్టరయిన్రు?" అన్నాను.

ఆయన ఆగాడు. స్టూలు లాక్కున్నాడు. "అదొక పెద్ద కథమ్మా. నిజానికి నేను..." అని మొదలుపెట్టాడు. బాలమణి దగ్గర పరీక్ష రాస్తున్న పిల్లవాడు తెర పక్కకు జరిపి, తన వంతు ఎప్పుడొస్తుందా అని మావైపు దీనంగా చూశాడు. నర్సమ్మ నన్ను చూసిన చూపు ఇక్కడ చెప్పలేను.

ఆపరేషన్ బాగా జరిగింది; ఈ మాట మాత్రం నిజంగానే దేవుని కృప. నేను ఇంటికి పోయే రోజున శ్రావణి సంచి భుజాన వేసుకుని బస్టాండుకే వెతుక్కుంటూ వచ్చింది.

"పాసైన పెద్దమ్మా. ఊరికి పోతున్న."

ఆనందం పట్టలేక రెండు చేతులూ పట్టుకున్నాను. పిల్ల గాబరాగా వెనక్కు చూసింది. "పెద్దమ్మా, జర చిన్నది చెయ్యుండ్రి. అమ్రాబాద్ బస్సు గదే, స్టార్టయింది."

చిన్నదే చేశాను. నేను అట్లాగే అంటాను. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి బస్టాండులో దుమ్ము ఉంది, బస్సు లేదు.

ఒట్టు పెట్టుకోవడం మాలో తప్పు కాబట్టి మీ అందరి ఎదుట మాట ఇస్తున్నాను. పరీక్షలో ఉన్నవాళ్ళను, బస్సు ఎక్కాల్సినవాళ్ళను, చేతిలో కత్తి పట్టుకున్నవాళ్ళను నువ్వెందుకు డాక్టరైనావని ఈ జన్మలో అడగను. వాళ్ళ కోసం ప్రార్థన మాత్రం మానను. మా ఇంట్లోనే కూర్చుని, వాళ్ళ చేతులు వదిలేసి చేస్తాను.